ఛార్జర్ పాడైందా, అబద్ధం చెబుతోందా?

"మావయ్యా, ఛార్జర్ పోనాది."

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మా చెల్లెలి కొడుకు అన్న మాట ఇది. ఒక చేతిలో నీలం రంగు ఛార్జరు, దాని చుట్టూ పాములా చుట్టిన వైర్లు. ఇంకో చేతిలో కవరు, అందులో మూడు లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు. వాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవు దొరికితే ఫోమ్ షీట్లు కోసి రిమోట్ విమానాలు కట్టడం, ఎండాకాలం నాగావళి ఇసకలోనో, బండి దొరికిన రోజు కళింగపట్నం బీచ్‌లోనో ఎగరేయడం వాడి పని.

"పోవడమంటే ఏమైందిరా?" అని అడిగాను.

"ఒకసారేమో కనెక్షన్ బ్రేక్ అంటాది. ఒకసారి దానంతట అదే ఆఫ్ అయిపోతాది. ఒక్కోసారి బాగానే ఎక్కుతాది. ఏటి చేద్దాం, కొత్తది కొనేద్దామా?"

'ఒక్కోసారి బాగానే ఎక్కుతాది' అన్న దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నిజంగా కాలిపోయిన ఛార్జరు పూట పూటకీ మనసు మార్చుకోదు. ఇలా వంతులవారీగా మొరాయిస్తోందంటే లోపం ఎక్కడో వదులుగా ఉంది, లేదా ఒకటి కంటే ఎక్కువ లోపాలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. చివరికి మూడు దొరికాయి. అందులో ఒకటి అసలు ఛార్జరుదే కాదు. అవి ఏ వరసలో దొరికాయో, ఆ వరసలోనే ఎందుకు వెతకాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. బొమ్మ విమానాలకీ, డ్రోన్లకీ, రిమోట్ కార్లకీ వాడే ఈ బ్యాలెన్స్ ఛార్జర్లని మనం సెల్‌ఫోన్ ఛార్జర్ల లాగే కరెంటు పోసే డబ్బాలు అనుకుంటాం. కరెంటు పోయడం అందులో సులువైన భాగం. ఎంత పోశామో, ఎక్కడ ఆపాలో కొలిచి చూసుకోవడమే అసలు పని. ధాన్యం కొనే చోట బస్తా ఎత్తేవాడి కంటే కాటా ముఖ్యం కదా, ఇదీ అంతే. కాటా తప్పితే ఎత్తేవాడు ఎంత బలంగా ఉన్నా నష్టమే. ఇలాంటి ఛార్జర్లలో వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం కాటా తంటాలే. ఛార్జరు తప్పుగా కొలవడమో, అది సరిగ్గా కొలిచి చెప్పిన దాన్ని మనం నమ్మకపోవడమో, ఈ రెండింటిలో ఒకటై ఉంటుంది.

లిపో సెల్లు ఒక్కొక్కటి పేరుకి 3.7 వోల్టులు. పూర్తిగా నిండితే 4.20. వాడకంలో 3.0 కంటే కిందికి దింపకూడదు. కొన్నాళ్ళు వాడకుండా పెట్టాలంటే 3.8 దగ్గర ఉంచాలి. మా వాడివి మూడు సెల్లుల బ్యాటరీలు కాబట్టి పేరుకి 11.1, నిండితే 12.6. ఛార్జరు మొదట మనం పెట్టిన కరెంటు తగ్గకుండా ఇస్తుంది. సెల్లులు 4.20 చేరగానే వోల్టేజిని అక్కడే పట్టి ఉంచుతుంది, కరెంటు దానంతటదే తగ్గుతూ వస్తుంది. మొదట పెట్టిన దానిలో పదో వంతుకి దగ్గరగా పడగానే ఆపేస్తుంది. ఇంతే కథ. కానీ 4.20 దాటించి పోస్తూ పోతే లోపల ఎలక్ట్రోలైటు విరిగి గ్యాసు పుడుతుంది, గ్రాఫైటు మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, బ్యాటరీ ఉబ్బుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. అంటే కాటా తప్పడం ఇక్కడ నష్టంతో పోదు, ఇంటి మీదకే వస్తుంది.

మూడు సెల్లులూ సమానంగా నిండాయో లేదో చూడటానికి పెద్ద వైర్లు రెండూ చాలవు. అందుకే పక్కన సన్నని తెల్ల కనెక్టరు ఒకటి ఉంటుంది, దాన్నే బ్యాలెన్స్ కనెక్టరు అంటారు. మూడు సెల్లులకి నాలుగు వైర్లు. ఎక్కువ నిండిన సెల్లు నుంచి కొంచెం కరెంటుని రెసిస్టర్లలో ఖర్చు చేసి మిగతావాటితో సమానం చేయడం కూడా ఆ సన్న వైర్ల మీదుగానే జరుగుతుంది. మన కథలో అసలు దొంగ ఈ కనెక్టరు దగ్గరే దొరికాడు. కానీ అక్కడికి ముందే వెళితే మొదటి దొంగ తప్పించుకుపోతాడు.

స్క్రూలు విప్పకముందు

ఛార్జరు పనిచేయకపోతే మనకి వెంటనే చేయి వెళ్ళేది స్క్రూడ్రైవరు మీదకే. నేనూ అదే బాపతు. కానీ బ్యాటరీ నిండాలంటే నాలుగు సక్రమంగా ఉండాలి: ఛార్జరుకి కరెంటు ఇచ్చే అడాప్టరు, మధ్యలో వైర్లూ కనెక్టర్లూ, బ్యాటరీ, ఛార్జరు. ఇందులో ఛార్జరు ఒక్కటే విప్పితే గ్యారంటీ పోయేది, చేతికి పని పెట్టేది. అందుకే అది ఆఖరున.

అసలు లోపమే కానిదాన్ని కూడా ముందే తీసి పక్కన పెట్టాలి. ఈ నీలం డబ్బాలన్నీ స్కైఆర్‌సీ వాళ్ళ ఐమ్యాక్స్ బి6 అన్న మోడలు వరసలో పుట్టినవి. దానికి నకళ్ళు కోకొల్లలు, మా వాడి దగ్గర ఉన్నదీ అలాంటి ఒక నకలే. పాత బి6 రకం మీద 5 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, ఆ పక్కనే చిన్నగా 50 వాట్లు అని కూడా ఉంటుంది. ఆ రెండో అంకెని ఎవరూ చదవరు. నాలుగు సెల్లుల బ్యాటరీ 16.8 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 50 వాట్లంటే 3 ఆంపియర్లే. మనం 5 పెట్టి, తెర మీద 3 కనబడగానే 'ఛార్జరు బలం తగ్గిపోయింది' అని దిగులు పడితే అది ఛార్జరు తప్పు కాదు.

ఇక అడాప్టరు. మా వాడు చార్జరుతో వచ్చిన అడాప్టరుని ఎక్కడో పోగొట్టి, పాత సీసీ కెమెరాల తాలూకు అడాప్టరు పెట్టుకున్నాడు. దాని మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. "మీటర్ పెట్టి సూసేను మావయ్యా, పన్నెండు కరెక్టుగా వస్తంది" అన్నాడు. వస్తుంది. ఏ పనీ చెప్పనప్పుడు ఎవరైనా నిటారుగానే నిలబడతారు. తలమీద మూట పెట్టాక చూడాలి.

లెక్క వేసి చూపించాను. వాడి పెద్ద బ్యాటరీ 2200 ఎంఏహెచ్. దాన్ని 2.2 ఆంపియర్లతో ఎక్కిస్తున్నాడు. చివర్లో 12.6 వోల్టుల దగ్గర బ్యాటరీలోకి వెళ్ళేది దాదాపు 28 వాట్లు. ఛార్జరు లోపల కొంత వేడిగా పోతుంది కాబట్టి, నూటికి 85 పాళ్ళు పనికొస్తుందనుకున్నా అడాప్టరు 33 వాట్లు ఇవ్వాలి. పన్నెండు వోల్టుల దగ్గర అది 2.7 ఆంపియర్లకి పైమాటే. రెండు ఆంపియర్ల అడాప్టరు ఏం చేస్తుంది? వోల్టేజి కూలబడుతుంది, 11 కంటే కిందికి జారగానే ఛార్జరు ఇన్‌పుట్ ఎర్రర్ అని అరుస్తుంది, లేదా తెర ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి వెలుగుతుంది. అదే 1300 ఎంఏహెచ్ చిన్న బ్యాటరీని 1.3 ఆంపియర్లతో పెడితే అడాప్టరు మీద పడేది 1.6 ఆంపియర్లు. హాయిగా ఎక్కుతుంది. 'ఒక్కోసారి బాగానే ఎక్కుతాది' అన్న మాటలో సగం గుట్టు ఇది. వాడు ఏ బ్యాటరీ ఎప్పుడు పెట్టాడో గుర్తు పెట్టుకోలేదు అంతే.

ఊహ సరైందో కాదో తేల్చడానికి మా శ్రీకాకుళం జిల్లాలో దాదాపు ప్రతి ఇంటిలో ఒక పరికరం సిద్ధంగా ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చి వెళ్ళాక రోజుల తరబడి చీకట్లో కూర్చున్నవాళ్ళం, ఇన్వర్టరు లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. ఆ ఇన్వర్టరు కింద ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జరుకి అన్నింటికంటే నిక్కమైన ఆధారం. ఇన్వర్టరు ఆపి, ప్లస్ వైరులో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకుని ఛార్జరుకి కలిపాను. ఫ్యూజు లేకుండా ఈ పని చేయకండి. ఆ బ్యాటరీ వైర్లు రెండూ ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి, వైరు ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. తిరగేసి పెడితే కాపాడే ఏర్పాటు నకళ్ళలో ఉంటుందన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు.

పెద్ద బ్యాటరీ పెట్టాం. అరగంట అయినా తెర ఆరలేదు. మొదటి దొంగ దొరికాడు.

పాత అడాప్టరు విప్పి బాగుచేద్దామా అని మా వాడికి ఉత్సాహం. నేను వద్దన్నాను. అది పాడైతే కదా బాగుచేయడానికి, దాని శక్తి అంతే. ఒకవేళ నిజంగా పాడైనా, 230 వోల్టులు లోపలికి రాగానే డయోడ్లు దాన్ని 325 దాకా డీసీ చేసి కెపాసిటర్లో నిలవ పెడతాయి. ప్లగ్గు పీకేసినా అది కొంతసేపు అక్కడే కూర్చుని ఉంటుంది. నా దగ్గర ఉన్న ఒక స్క్రూడ్రైవరు మొనకి నల్లటి గాటు ఉంది, పాతికేళ్ళ వయసులో నేను చూపించిన తెలివికి గుర్తు. కరెంటు ఎక్కువ పారకుండా మధ్యలో బల్బు పెట్టి పరీక్షించే సీరీస్ బల్బు బోర్డు అలవాటు లేనివాళ్ళు అడాప్టరు జోలికి పోకుండా 12 వోల్టుల 5 లేదా 6 ఆంపియర్లది కొత్తది తెచ్చుకోవడం మేలు.

జంట తప్పు

కరెంటు గొడవ తీరింది కానీ 'కనెక్షన్ బ్రేక్' అలాగే ఉంది. అది రాని సమయాల్లో తెర మీద సెల్లుల అంకెలు చూస్తే మొదటిది 4.10, రెండోది 4.02, మూడోది 4.18. రెండో సెల్లు వెనకబడింది, మూడోది ముందుకు పరిగెత్తింది. ఎవరైనా ఏమనుకుంటారు? బ్యాటరీ పోయిందనుకుంటారు. మా వాడు అదే అనుకుని పోయిన నెలలో ఒక బ్యాటరీ పక్కన పడేశాడు. నిజం చెప్పాలంటే నాలుగేళ్ళ కిందట నేను కూడా ఇలాంటి అంకెలే చూసి ఒక బ్యాటరీని వదిలించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది మంచి బ్యాటరీయే అయి ఉంటుందని అనుమానం.

ఆ అంకెలని మళ్ళీ చదవండి. 4.10కి రెండోది ఎంత తక్కువో, మూడోది సరిగ్గా అంత ఎక్కువ. ఎనిమిది పైసలు ఒక జేబులోంచి తీసి పక్క జేబులో వేసినట్టు. రెండు సెల్లులు వేరువేరుగా పాడై, లెక్క ఇంత సమంగా ఎలా తప్పుతాయి?

ఇక్కడ ఛార్జరు కొలిచే తీరు తెలియాలి. అది ప్రతి సెల్లుకీ విడివిడిగా మీటరు పెట్టదు. మైనస్ వైరు నుంచి ఒక్కో మెట్టు ఎత్తు కొలుస్తుంది: మొదటి మెట్టు 4.10, రెండో మెట్టు 8.20, మూడోది 12.30. తర్వాత రెండో మెట్టులోంచి మొదటిది తీసేస్తే రెండో సెల్లు, మూడో దానిలోంచి రెండోది తీసేస్తే మూడో సెల్లు. ఇప్పుడు రెండో మెట్టు ఒక్కటే తప్పుగా 8.12 అని కొలిచిందనుకోండి. రెండో సెల్లు 4.02 అవుతుంది, మూడోది 4.18 అవుతుంది. సెల్లులకి ఏ రోగమూ లేదు. వాటి మధ్య గోడ జరిగింది. రెండు పొలాల మధ్య గట్టు జరిపితే ఒకడికి తగ్గినంతే పక్కవాడికి పెరుగుతుంది. అంకెలు అలా జంటగా తప్పితే ఆ రెండు సెల్లులకీ ఉమ్మడి వైరునీ, దాని పిన్నునీ అనుమానించాలి.

అయితే మా వాడు మల్టీమీటరు పెట్టి ఆ కనెక్టరులో కొలిస్తే మూడు సెల్లులూ 4.10 అని చక్కగా వచ్చాయి. "మీటర్‌లో బాగానే ఉంది, ఛార్జర్‌లో తప్పు. అంటే ఛార్జర్ లోపల ఐసీ పోనట్టే కదా?" అన్నాడు. తొందరపాటు. మల్టీమీటరు కొలిచేటప్పుడు వైరులోంచి లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, దాని లోపలి నిరోధం పది లక్షల ఓములు ఆ పైన. మధ్యలో తుప్పు ఉన్నా దానికి పట్టదు. ఛార్జరు అలా కాదు. బ్యాలెన్స్ చేసేటప్పుడు ఈ రకం ఛార్జర్లు సెల్లుకి 0.3 ఆంపియరు దాకా లాగుతాయి. కనెక్టరు పిన్ను దగ్గర 0.2 ఓము నిరోధం చేరిందంటే చాలు, అక్కడే 0.06 వోల్టు పడిపోతుంది. కొన్ని ఛార్జర్లు కొలిచే క్షణంలో బ్యాలెన్సింగ్ ఆపుతాయి, అన్నీ ఆపవు. ఇంకా వదులైతే ఆ వైరు మధ్య మధ్యలో తెగిపోయినట్టే, అప్పుడే 'కనెక్షన్ బ్రేక్'. ఛార్జరు ఆ మాట అన్నప్పుడు అది అక్షరాలా నిజం చెప్పింది, మనమే నమ్మలేదు.

ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో ఓమ్ నియమం, పొటెన్షియల్ డివైడరు చెబుతున్నాను. బోర్డు మీద గీసిన రెసిస్టరుని గుర్తుపట్టగలను కానీ పిన్ను మీద పచ్చటి మచ్చగా కనబడేసరికి నాకూ వెలగలేదు.

ఆ తప్పు బ్యాటరీ వైపుదా, ఛార్జరు వైపుదా అన్నది తేల్చడం మాత్రం చాలా సులువు. బ్యాటరీ మార్చి చూడటమే. తప్పు బ్యాటరీతో పాటు వెళ్ళిపోతే దాని వైర్లలో ఉంది. ఏ బ్యాటరీ పెట్టినా అదే చోట కూర్చుంటే ఛార్జరుది. మూడు బ్యాటరీలూ, పక్కన పడేసిన నాలుగోది కూడా, పెట్టి చూశాం. నాలుగింటిలోనూ రెండో సెల్లు బీద, మూడో సెల్లు షావుకారు. ఇక విప్పక తప్పదు.

పై కప్పు తీయగానే బ్యాలెన్స్ పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి. రాగి మీద ఉప్పు గాలి రాసిన సంతకం అది. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట గాలిలో ఎంత ఉప్పు ఉంటుందో అక్కడ బండి పెట్టినవాళ్ళకి తెలుసు, చైను వారంలో ఎర్రబడుతుంది. ఛార్జరుని ఇసకలో పెట్టి అక్కడే ఛార్జింగ్ చేస్తే వదులుతుందా? ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పాత టూత్‌బ్రష్షు తడిపి రుద్దాను. బోర్డు తిరగేసి భూతద్దంలో చూస్తే అసలు గుట్టు కనబడింది. మూడో పిన్ను చుట్టూ సాల్డరింగులో వెంట్రుక వాసి గుండ్రటి గీత. డ్రై సాల్డరు. రోజూ కనెక్టరు గుచ్చడం పీకడంతో పిన్ను ఊగి ఊగి సాల్డరు చుట్టూ చీలింది. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది. 'ఒక్కోసారి బాగానే ఎక్కుతాది'లో మిగతా సగం ఇది.

పాత సాల్డరు మీదే ఇస్త్రీ పెట్టినట్టు వేడి చేసి వదిలేయకూడదు. కొంచెం ఫ్లక్సు రాసి, పాతది తీసేసి, కొత్త 60/40 తగరం-సీసం సాల్డరు పట్టించాలి. 25 వాట్ల ఐరన్ చాలు. మెరుస్తూ, పిన్ను చుట్టూ కొండ వాలులా దిగితే పట్టినట్టు, ముద్దలా పైన కూర్చుంటే పట్టనట్టు. పనిలో పనిగా రోజూ చేతి బలం తగిలే చోట్లన్నీ, అంటే అరటిపండు (బనానా) ప్లగ్గులు దూరే సాకెట్లు, అడాప్టరు గుచ్చే జాక్, మిగతా బ్యాలెన్స్ సాకెట్లు, అన్నింటికీ ఒకసారి సాల్డరు తిరగేశాం. హాబీ ఛార్జరు విప్పినవాళ్ళు మొదట చూడాల్సింది ఐసీలని కాదు, ఈ చోట్లనే.

మూత పెట్టకముందే అంకెలు చూశాం. 4.10, 4.10, 4.10. పక్కన పడేసిన బ్యాటరీ కూడా బాగానే ఉంది. మా వాడు దాన్ని తీసుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

లోపల ఇంకేం పాడవుతాయని అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పైన ఉబ్బిన కెపాసిటరు కంటికే కనిపిస్తుంది, అదే విలువ, అంతే లేదా అంతకు మించిన వోల్టేజి, 105 డిగ్రీల వేడి తట్టుకునేదే చూసి మార్చాలి. బ్యాటరీ తిరగేసి పెట్టినా, వైర్ల చివర్లు తగిలించినా కరెంటుని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టరు, అంటే మాస్‌ఫెట్ పోతుంది. మల్టీమీటరు డయోడ్ గుర్తు మీద పెట్టి దాని డ్రెయిన్, సోర్స్ కాళ్ళ మధ్య రెండు వైపులా బీప్ వస్తే అది షార్టయినట్టే. మార్చేటప్పుడు ఎన్ ఛానెలా, పీ ఛానెలా చూసుకోవాలి, పాత కంప్యూటర్ మదర్‌బోర్డులో తగినవి దొరకొచ్చు. మాస్‌ఫెట్‌తో పాటు ఛార్జరుకి మెదడు లాంటి మైక్రోకంట్రోలరు చిప్పు కూడా కాలి ఉంటే మాత్రం ఆ బోర్డుకి దండం పెట్టి కొత్తది కొనుక్కోవడమే. పాత బి6లలో వాడిన ఏట్‌మెగా32 చిప్పు మీద చీలీ ఛార్జర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి వాడుకునే ఔత్సాహికులు ఉన్నారు, కానీ అది ముచ్చట కోసం చేసే పని, రిపేరు కోసం కాదు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. సెల్లు 3.0 కంటే బాగా కిందికి పడిపోతే ఛార్జరు 'లో వోల్టేజ్' అని మొండికేస్తుంది. దాన్ని మోసం చేయడానికి నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెట్టి కాసేపు ఎక్కించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఆ మోడ్‌లో 4.20 దగ్గర ఆపే కాపలా ఉండదు. కాపలాదారుడు వద్దంటే గోడ దూకినట్టు. అలాంటి బ్యాటరీనీ, దిండులా ఉబ్బినదాన్నీ ఛార్జింగులో పెట్టకండి. గుచ్చకండి. ఇంట్లో మంచం కింద దాచకండి.

కాటాకి కాటా ఎవరు?

అప్పటికి ఇద్దరం టీ తాగి, పని అయిపోయిందనే అనుకున్నాం. ఊరికే చివరి పరీక్ష చేశాం. కొత్తగా సాల్డరు పెట్టిన ఛార్జరుని ఖరీదైన లిపో మీద మొదట వాడకూడదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన మంచి 18650 రకం లిథియం అయాన్ సెల్లులు మూడు వరసగా కలిపి, అర ఆంపియరు పెట్టి, ఆరుబయట గచ్చు మీద, పక్కన ఇసక బకెట్‌తో ఎక్కించాం. అవీ 4.20 దగ్గర ఆగేవే కాబట్టి పరీక్షకి సరిపోతాయి. పూర్తయింది, తెర మీద మూడూ 4.20. నా పసుపు రంగు మల్టీమీటరు పెడితే మూడూ 4.24.

ఇప్పుడు ఎవరు అబద్ధం చెబుతున్నారు?

మూడింటిలోనూ ఒకే పక్కకి, ఒకే అంత తేడా. ఒక వైరు తప్పయితే జంట తప్పు రావాలని ఇందాక చూశాం. అందరికీ కలిపి తప్పితే తప్పు అందరికీ ఉమ్మడి అయిన చోట ఉండాలి. ఛార్జరులో అయితే అది రిఫరెన్స్ వోల్టేజి. లోపలి చిప్పు ప్రతి కొలతనీ దానితో పోల్చే చూస్తుంది, కాటాలో రాయి లాంటిది. ఆ రాయి బరువు మారితే తూచిన ప్రతిదీ ఒకే దామాషాలో తప్పుతుంది. అయితే నా మీటరుకీ ఒక రాయి ఉంది కదా. చౌక మీటర్ల కాగితం మీద సాధారణంగా రాసేది అర శాతం, దాని మీద రెండు అంకెల తేడా. 20 వోల్టుల రేంజిలో 4.20కి అర శాతం అంటే 0.02, ఆఖరి అంకె రెండు అటూ ఇటూ అంటే ఇంకో 0.02. మొత్తం 0.04. సరిగ్గా మేం చూసిన తేడా అంతే! దానికి తోడు ఈ మీటర్లలో 9 వోల్టుల బ్యాటరీ నీరసించిపోతే అంకెలు ఎక్కువ చూపిస్తాయి. అంటే ఆ మీటరుని నమ్మి ఛార్జరుని సరిచేస్తే, బాగున్న కాటాని చెడగొట్టినవాడిని అవ్వొచ్చు.

కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో మంచి మీటరు ఒకటి ఉంది. మర్నాడు సెల్లులని అక్కడికి పట్టుకెళ్ళే లోపు వాటి వోల్టేజి కొంచెం దిగుతుంది కాబట్టి, ఛార్జరునే పట్టుకెళ్ళి, దానికి తగిలించి ఉంచి, ఒకే క్షణంలో రెండు మీటర్లూ తెరా చూశాం. ఛార్జరు 4.20 అన్నప్పుడు ల్యాబ్ మీటరు 4.228, నా పసుపు మీటరు 4.24. నా మీటరు తప్పు కొంత, ఛార్జరు తప్పు ఎక్కువ. 0.028 వోల్టు, శాతంలో 0.7కి దగ్గర. ప్రమాదం అనేంత లేదు. కానీ ప్రతి ఛార్జింగులోనూ సెల్లుని గీత దాటిస్తుంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. మా వాడి బ్యాటరీలు ఏడాదికే మెత్తబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

బి6 నకళ్ళలో చాలావాటికి దాచి ఉంచిన క్యాలిబ్రేషన్ (కొలతలు సరిచేసే) మెనూ ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే తెరుచుకుంటుంది. ఏ రెండు అన్నది డబ్బాకో రకం, మా దానికి తెలుసుకోవడానికి పావుగంట పట్టింది. అందులో ఒక్కో సెల్లుకీ అసలు వోల్టేజి ఎంతో అంకె పెట్టి సేవ్ చేయాలి. ఆ మెనూలో వేలు పెట్టేముందు ఉన్న అంకెలన్నీ కాగితం మీద రాసుకోండి. అక్కడ 4.20 అన్న చోట పొరపాటున 4.02 అని సేవ్ చేశారనుకోండి, ఆ తర్వాత ఛార్జరు నమ్మకంగా, ఏ హెచ్చరికా లేకుండా, సెల్లుని 4.38 దాకా ఎక్కిస్తుంది. తెర మీద మాత్రం 4.20 అనే ఉంటుంది. పాడైన ఛార్జరు కంటే తప్పు క్యాలిబ్రేషన్ చేసిన ఛార్జరు ప్రమాదం. పాడైంది పనిచేయదు, ఇది పనిచేస్తుంది.

ల్యాబ్ మీటరు పక్కన పెట్టుకుని మూడు సెల్లులూ సరిచేసి, ఛార్జరు ఆపి మళ్ళీ ఆన్ చేసి, అంకెలు నిలబడ్డాయని చూశాం. తేడా ఇప్పుడు 0.005 లోపే. మంచి మీటరు దగ్గర లేనివాళ్ళకి ఏడీ584 చిప్పు ఉన్న చిన్న రిఫరెన్స్ బోర్డు ఆన్‌లైన్లో దొరుకుతుంది. 2.5, 5, 7.5, 10 వోల్టులు నిక్కచ్చిగా ఇస్తుంది. ముందు దానితో మన మీటరు ఎంత తప్పు చెబుతుందో తెలుసుకుంటే, ఆ తప్పు తీసేసి చదువుకోవచ్చు.

మా వాడు ఏడు రోడ్ల జంక్షన్ వెళ్ళి కొత్త అడాప్టరు తెచ్చుకున్నాడు. ఛార్జరు అడుగున తెల్ల స్టిక్కరు అంటించి ఆ రోజు తారీఖు, మూడు సెల్లుల దగ్గర ఛార్జరు అంకె, ల్యాబ్ మీటరు అంకె రాయించాను. ఆరు నెలలకి ఒకసారి తెచ్చి మళ్ళీ పోల్చాలని ఒప్పందం. బీచ్‌కి తీసుకెళ్ళేటప్పుడు జిప్ కవర్లో పెట్టాలని కూడా చెప్పాను. "అలాగే మావయ్యా" అన్నాడు. ఆ ఆదివారం సాయంత్రం వాడు పంపిన ఫొటోలో విమానం పైన ఉంది, కింద ఇసక మీద టవల్, టవల్ మీద కవరు లేకుండా ఛార్జరు.